ఆగిపోయిన మిల్లు చూపించి ఫుల్ టికెట్ తీసుకున్నారు, మా డబ్బులు వెనక్కివ్వండి

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్తే అండీ. మీ హైదరాబాద్ బ్రాంచిలో బుక్ చేసిన మార్టినిక్ (కరీబియన్‌లో ఫ్రాన్స్‌కి చెందిన దీవి) రమ్ ఎస్టేట్ టూర్ గురించి రాస్తున్నా. చాట్‌లో రెండుసార్లు చెప్పా, రెండుసార్లూ "మీ ఫీడ్‌బ్యాక్‌కి థాంక్స్" అన్నారు. నాది ఫీడ్‌బ్యాక్ కాదండీ, కంప్లైంటు.

మీ బ్రోచర్లో ఏముంది? రోలర్ల మధ్య నలుగుతున్న చెరకు, ఆవిరి కక్కే స్టీమ్ ఇంజిన్, కింద "రమ్ తయారీ లైవ్‌గా చూడండి" అని పెద్ద అక్షరాలు. అది చూసే కదా, మనిషికి 8,500 చొప్పున నలుగురికి 34,000 కట్టా. మేం వెళ్ళింది అక్టోబర్లో, డేటు కూడా మీ వాళ్ళు సజెస్ట్ చేసిందే. తీరా వెళ్తే మిల్లు ఆపేసి ఉంది, బాయిలర్ చల్లగా ఉంది, ఆవరణలో ఒక్క చెరకు గడ లేదు.

మా నాన్న అనకాపల్లి దగ్గర ముప్పై ఏళ్ళు చెరకు పండించిన మనిషి, రోలర్ మీద చెయ్యేసి చూసి "క్రషింగ్ ఎప్పుడో అయిపోయిందిరా, ఇది అన్‌సీజను" అన్నాడు. ఆయనకి రెండు నిమిషాల్లో తెలిసింది టూర్లు అమ్మే మీకు తెలీదా? మార్టినిక్‌లో చెరకు నరికేది దాదాపు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. అక్కడి రమ్ము మొలాసిస్‌తో (పంచదార తీశాక మిగిలే మడ్డితో) కాదు, తాజా చెరకు రసంతో చేస్తారు, 1996 నుంచి దానికి ఫ్రాన్స్ ప్రభుత్వం ఏఓసీ గుర్తింపు (ఫలానా చోట ఫలానా పద్ధతిలో చేసిన సరుకని ఇచ్చే ముద్ర) కూడా ఉంది, మరి నరికిన చెరకు నిలవ ఉంచితే పాడైపోతుంది కదా, కాబట్టి కోత లేకపోతే క్రషింగ్ లేదు, క్రషింగ్ లేకపోతే బాయిలర్లో వెయ్యడానికి పిప్పి కూడా ఉండదు. నాకూ బుక్ చేసేటప్పుడే తట్టాల్సింది, బెల్లం ఊళ్ళో పుట్టి కూడా తట్టలేదు, ఆ తప్పు నాదే. కానీ లైవ్ అని రాసింది మీరు.

టేస్టింగ్ సంగతి ఇంకో కామెడీ. మావాడికి 14 ఏళ్ళు, అక్కడ 18 నిండకపోతే మందు పొయ్యరు, పొయ్యకూడదు కూడా. అయినా వాడికీ టేస్టింగ్‌తో కలిపి పెద్దవాళ్ళ రేటే వేశారు.

గైడు మీ మనిషే అన్నారు కాబట్టి ఇదీ చెప్తున్నా. 1848లో బానిసత్వం రద్దయ్యాక 1853 నుంచి ఆ చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచే కూలీల్ని ఓడల్లో తీసుకెళ్ళారు, పాండిచ్చేరి, కారైకాల్ వైపు నుంచి చాలామంది. వాళ్ళ గురించి ఇక్కడేమైనా ఉందా అని నాన్న అడిగితే గైడు వాచీ చూసుకుని నేరుగా షాపులోకి తీసుకెళ్ళాడు. రెండు గంటల టూరు యాభై నిమిషాల్లో అయిపోయింది, అందులో ఇరవై నిమిషాలు బాటిళ్ళు చూడటమే. పీపాల గోడౌన్ మాత్రం బావుంది, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది, అది ఎస్టేట్ వాళ్ళ గొప్ప, మీది కాదు.

కాబట్టి మావాడి 8,500 పూర్తిగా, మిగతా ముగ్గురికి సగం, అంటే 12,750, మొత్తం 21,250 వెనక్కివ్వండి. బ్రోచర్లో ఏ నెలల్లో మిల్లు నడుస్తుందో రాయండి. కూపన్ ఇస్తామని ఫోన్ చెయ్యొద్దు, నాకక్కర్లేదు. పదిహేను రోజుల్లో డబ్బులు రాకపోతే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేస్తా. బిల్లు, బ్రోచర్ స్క్రీన్‌షాటు, ఆగిపోయిన మిల్లు ఫొటోలు జతచేశా.

ఇట్లు,
మీ కస్టమర్