మా శానిటైజర్‌లో ఏముంది, ఏం తీసేస్తున్నాం

నమస్తే అండి. మా హ్యాండ్ శానిటైజర్ లేబుల్ ఫొటో తీసి పంపి, "ఈ పేర్లన్నీ ఏంటి? పిల్లల చేతులకి రాయొచ్చా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అందరికీ కలిపి చెబుతున్నాను.

క్రిముల్ని చంపేది ఇథనాల్ అనే ఆల్కహాల్. అది కనీసం 60 శాతం ఉండాలి, మేం 70 శాతం వేస్తాం. ఇంకా ఎక్కువ వేస్తే మంచిది కదా అంటారు కొందరు. కానీ క్రిమిలోని ప్రొటీన్లు దెబ్బతినాలంటే ఆల్కహాల్‌తో పాటు కాస్త నీళ్లూ ఉండాలి. గ్లిజరిన్ చర్మం పొడిబారకుండా చూస్తుంది, కార్బోమర్ జెల్‌గా చిక్కబరుస్తుంది. అందర్నీ టెన్షన్ పెడుతున్న పేరు డినటోనియం బెంజోయేట్. అది ఒట్టి చేదు. పొరపాటున పిల్లలు నోట్లో పెట్టుకున్నా వెంటనే ఉమ్మేయాలని కావాలనే చిటికెడు కలుపుతాం.

నా భయమల్లా లేబుల్ మీద లేనివాటి గురించే. 2020లో కోవిడ్ గిరాకీ పెరిగినప్పుడు, ఇథనాల్ అని రాసి ఉన్న కొన్ని శానిటైజర్లలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వరుసగా హెచ్చరికలు ఇచ్చింది. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. వాసన చూసి, రంగు చూసి పట్టుకోవడం మన తరం కాదు. అందుకే సప్లయర్ సర్టిఫికెట్ ఇచ్చినా, కొత్త ఇథనాల్ డ్రమ్ము వచ్చిన ప్రతిసారీ శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపుతున్నాం. రిపోర్ట్ వచ్చేదాకా ఆ డ్రమ్ము వాడం. ఆర్డర్లు కాస్త ఆలస్యం అవుతున్నది అందుకే. బ్యాచ్ నంబర్ చెబితే ఆ రిపోర్ట్ మీకూ పంపుతాం.

ఇలాంటిదే బెంజీన్. ఇది క్యాన్సర్ కారకం. కొన్ని రకాల కార్బోమర్‌ని బెంజీన్‌తో తయారుచేస్తారు, దాని ఆనవాళ్లు జెల్‌లో మిగలొచ్చు. బెంజీన్ వాడకుండా చేసిన రకమే మేం కొంటున్నాం, ఖరీదు ఎక్కువైనా సరే.

ఇక సువాసన. చాలామందికి మా నిమ్మ వాసన ఇష్టమని తెలుసు, అయినా వచ్చే బ్యాచ్ నుంచి తీసేస్తున్నాం. పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట కింద బోలెడన్ని పదార్థాలు దాక్కోవచ్చు. సహజ నూనెలు వాడండి అంటున్నారు గానీ, నిమ్మ, లావెండర్ నూనెల్లో ఉండే లిమోనీన్, లినలూల్ గాలి తగిలేకొద్దీ మారి కొందరి చర్మానికి దురద, దద్దుర్లు తెస్తాయి. రోజుకి పదిసార్లు రాసుకునే దాంట్లో అవి అవసరం లేదని నా అభిప్రాయం. మంచి వాసన వస్తే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోవాలని చూస్తారు, అదొకటి.

ఆల్కహాల్ లేని రకం చేయమనీ అడుగుతున్నారు. అది చేయబోవడం లేదు. అలాంటివాటిలో ఎక్కువగా వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ అన్ని క్రిముల మీదా ఆల్కహాల్ అంత బాగా పనిచేయదు.

చేతులకి మట్టి, జిడ్డు ఉన్నప్పుడూ, ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడూ మా బాటిల్ పక్కన పెట్టి సబ్బుతో కడుక్కోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివాటి మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, మాదైనా ఇంకెవరిదైనా.