మా బాబు ఆపరేషన్‌కి తోడున్న అందరికీ థాంక్స్

బాబు డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చాడు, బాగున్నాడు, మళ్ళీ ఇడ్లీలో కారప్పొడి కావాలని అలుగుతున్నాడు. చాలామంది ఫోన్లు ఎత్తలేకపోయాను, ఏమనుకోకండి, అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం: వాడికి పుట్టుకతోనే వెన్నుపూస సరిగా మూసుకోలేదు, స్పైనా బైఫిడా అంటారు. నరాలు పనిచేయక బ్లాడర్ గట్టిపడిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లాడికి సుమారు 300 మి.లీ. పట్టాలట, వీడికి 100 దాటితే చాలు, లోపల ప్రెషర్ పెరిగి మూత్రం కిడ్నీల వైపు వెనక్కి తన్నేది. వాడి చిన్నపేగులోంచే ఒక ముక్క తీసి అతికి బ్లాడర్‌ని పెద్దది చేస్తామన్నారు.

పేగు కోస్తారనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. సరిగ్గా అప్పుడే ఒకచోట, పేగు జోలికి పోనక్కర్లేదు, పొర వేస్తే బ్లాడర్ దానంతటదే పెరుగుతుందని లక్షల్లో లెక్క చెప్పారు. మా బావగారేమో, ఎల్వీ ప్రసాద్‌లో కంటికి ఉమ్మనీటి పొర వేస్తారు కదా, దీనికెందుకు వేయకూడదు అని పట్టుబట్టారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు చెప్పింది మా పిన్ని కూతురి ఫ్రెండ్, హబ్సిగూడలో ఉంటుంది, బయోటెక్‌లో పీహెచ్‌డీ. ఆదివారం పూట ఇంటికొచ్చి, బాబు హోంవర్క్ నోట్‌బుక్ వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. పంది చిన్నపేగు పొరలోంచి కణాలన్నీ కడిగేస్తే కొలాజెన్ అనే ప్రోటీన్ అల్లిక మిగులుతుంది, దాన్ని బ్లాడర్‌కి కుడితే అంచుల నుంచి మన కణాలు పాకుతూ వచ్చి నిండుతాయి, 1990లలో ఎలుకల్లో, కుక్కల్లో బాగానే వచ్చింది. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న బ్లాడర్లు. వీడిలాంటి గట్టిపడిన దాంట్లో పొర మధ్యదాకా రక్తనాళాలు చేరేలోపే అది ముడుచుకుపోవచ్చు, లోపలి పూత వచ్చినా కండ సరిగా రాదు. కంటి మీద పల్చటి పొర చాలు, ఇక్కడ సాగాలి, మళ్ళీ దగ్గరకు రావాలి, రోజంతా మూత్రాన్ని తట్టుకోవాలి. అమెరికాలో ఆంథొనీ అటాలా అనే డాక్టర్ బృందం ఏడుగురికి వాళ్ల సొంత కణాలతోనే ల్యాబ్‌లో బ్లాడర్ పెంచి అమర్చి 2006లో ప్రకటించిన సంగతీ చెప్పింది, ఆ దారిలోనే పిల్లల మీద చేసిన ఇంకో ట్రయల్ ఫలితాలు 2014లో వస్తే బ్లాడర్ సాగే గుణం అనుకున్నంత మెరుగుపడలేదనీ, పైగా కాంప్లికేషన్లు వచ్చాయనీ దాచకుండా చెప్పింది. "అక్కా, ఇది రావాలని మీకంటే నాకే ఎక్కువ ఉంటుంది, నేను చేసే పనే ఇది. కానీ బాబుకి ఇప్పుడు పేగే మంచిది." దాంతో బావగారు కూడా సరే అన్నారు. నీ మేలు మర్చిపోం తల్లీ.

ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారికి నమస్కారాలు. ఇక వార్డు సిస్టర్‌గారి గురించి చెప్పకపోతే ఎలా. అతికినా పేగు పేగే కాబట్టి జిగురు వదులుతూనే ఉంటుంది, రోజూ సెలైన్‌తో కడగకపోతే రాళ్లు కట్టొచ్చు. పెద్ద సిరంజి నా చేతికిచ్చి, నా వేళ్లు వణుకుతుంటే పైన తన చెయ్యి వేసి, "బలంగా లాగకు, మెల్లగా" అంటూ జిగురు తీగలు తీగలుగా బయటికొచ్చేదాకా పక్కనే నిలబడ్డారు.

రక్తం ఇచ్చిన ఆఫీసు తమ్ముళ్లకి, రెడ్‌హిల్స్ దాకా బస్సులో క్యారేజీ మోసుకొచ్చిన పక్కింటి ఆంటీకి కూడా చాలా చాలా థాంక్స్. ఇలాంటి పిల్లలున్న అమ్మలెవరికైనా మూత్రం తీయడానికి ట్యూబు వేయడం, బ్లాడర్ కడగడం గురించి భయంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, వీడియో కాల్‌లో చూపిస్తా.