గోరి రాయి మీద తోడు పేరుకు చోటుంచండి

సంపాదకులకు నమస్కారం.

పెత్రమాస (పితృ అమావాస్య) దగ్గర పడుతున్నకొద్దీ వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు రాతి దుకాణాల్లో పని పెరుగుతుంది. పెద్దలకు బియ్యం ఇచ్చుకునే రోజుకల్లా చెలకలో గోరి తయారు కావాలని ఇంటివాళ్ల తొందర. ఆ తొందరలో రాయి మీద కొడుకులు, కోడళ్లు, మనవల పేర్లన్నీ ఎక్కుతాయి. యాభై ఏళ్లు కాపురం చేసిన భార్య పేరు మాత్రం కనిపించదు. పోయింది ఆమె అయితే ‘ఫలానా వారి ధర్మపత్ని’ అన్నది పెద్దక్షరాల్లో ఉండి, ఆమె పేరు కింద చిన్నగా ఉంటుంది. ఇది మారాలి. ఏ ఫొటో, ఏ మాట, ఏ రాయి అన్నది ముందు అడగాల్సింది కలిసి బతికిన మనిషిని. అదీ దినాల గందరగోళంలో కాదు, మనసు కొంచెం కుదుటపడ్డాక.

ఆగడం కట్టడానికీ మంచిదే. పూడ్చిన చోట మట్టి ఒక వానాకాలమైనా గడవనిదే కుదురుకోదు. పదకొండో రోజుకే కట్టించిన గద్దె నడుమ కుంగి బిల్లలు పగులుతాయి. నల్లరేగడి అయితే మరీ కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. రాయి నిలిపే పునాది తల వైపు, గుంతకు బయట గట్టి నేలలో ఉండాలి. 3 అడుగుల లోతు రేగడి తీయించి, మొరం పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి దంచాలి. దాని మీద సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన 6 అంగుళాల కాంక్రీటు. వారం రోజులు తడి ఆరనీయవద్దు. సుతారి వెళ్లిపోయాక నీళ్లు పట్టేవాళ్లు లేకపోవడం వల్లే సగం గద్దెలు పెళుసుబారుతున్నాయి.

కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ గట్టిది, అందమైనది. గద్దెకు అది బాగుంటుంది కానీ పోయినవారి ముఖం చెక్కడానికి పనికిరాదు. లేజర్ మెషిన్ పాలిష్‌ను చుక్కలు చుక్కలుగా కొడుతుంది. పాలిష్ పోయిన చుక్క బూడిద తెలుపులో కనిపిస్తుంది, ముఖం ఆ చుక్కలతోనే వస్తుంది. గోధుమ మచ్చలున్న రాయిలో ఆ చుక్కలు కలిసిపోయి కళ్లేవో ముక్కేదో తెలియదు. దానికి సన్నరేణువు నల్లరాయే కావాలి. పాలంపేట రామప్ప గుడి మదనికలను, అంటే ఆ నాట్యగత్తెల బొమ్మలను, చెక్కింది అలాంటి రాతిలోనే. 1213 నాటి గుడిలో ఆ నునుపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అయితే నల్లగా ఉన్నదల్లా నల్లరాయి కాదు. బూడిదరంగు రాయికి రంగు, నూనె పట్టించి అమ్మడం ఉంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో తెల్ల గుడ్డ ముంచి, రాయి మీద గట్టిగా రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే ఆ రాయి వద్దు. ఎండకు రంగు వెలిసి, ముఖమూ నేపథ్యమూ ఒక్కటైపోతాయి.

ఫొటో వాట్సాప్‌లో పంపితే వివరం పోతుంది. ఆల్బమ్‌లోని అసలు ఫొటోనే 600 డీపీఐలో స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఆధార్ కార్డు ఫొటో అసలే వద్దు. పుట్టినరోజు కూడా ఆధార్ చూసి రాయించకండి. పెద్దవాళ్లలో చాలామందికి అందులో జనవరి 1 అని ఉజ్జాయింపుగా వేసిందే ఉంటుంది. తెలియకపోతే పుట్టిన తేదీ వదిలేసి, పెళ్లయిన సంవత్సరం చెక్కించవచ్చు. దాన్ని బతికున్న తోడే సరిగ్గా చెప్పగలరు.

అక్షరాల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. డీటీపీలో అను ఫాంటుతో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. ‘జ్ఞాపకార్థం’లో థ కాస్తా ధ అవుతుంది. ఫైలును కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మగా, మార్చి ఇమ్మనండి. రాయి ఎంత ఉంటుందో అంత సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, ఇద్దరి చేత ఒక్కో అక్షరం పైకి చదివించండి. కాగితం మీద తప్పు పడితే దిద్దుకోవచ్చు, రాతి మీద పడితే బిల్లనే మార్చాలి. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గవద్దు. అంతకన్నా చిన్నదైతే ఒత్తుల సందుల్లో దుమ్ము చేరి మూసుకుపోతాయి.

ఇక రెండో పేరు. బతికున్నవారి బొమ్మ ముందే చెక్కించడానికి ఎవరికీ మనసొప్పదు, ఒప్పనక్కర లేదు. ఒకే గద్దె మీద 18 అంగుళాల వెడల్పు బిల్లలు రెండు పక్కపక్కన పెట్టించండి. రెండూ ఒకే దిమ్మె నుంచి ఇప్పుడే కోయించాలి, పదేళ్ల తర్వాత ఆ ఛాయ దొరకదు. రెండోది ఖాళీగా, స్టెయిన్‌లెస్ స్క్రూలతో విప్పడానికి వీలుగా బిగించాలి. నిలిపిన రాయి దగ్గరికి లేజర్ మెషిన్ రాదు, బిల్లే మెషిన్ దగ్గరికి పోవాలి. మామూలు ఇనుప కడ్డీలు వాడితే తుప్పు ఉబ్బి రాయి అంచు పగులగొడుతుంది. అన్నదమ్ముల పంపకాల కాగితంలో గోరి చోటు, అక్కడికి పోయే బాట కూడా రాయించుకోండి.

కడగడానికి నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే సిమెంటు అతుకులు తినేస్తుంది, రాయి పసుపుబారుతుంది. లేజర్ పడిన చోట పాలిష్ ఉండదు కనుక నూనె, కుంకుమ ఇంకిపోయి ముఖం మసకబారుతుంది. బొట్టు బిల్ల అంచున పెట్టండి. కర్పూరం రాయికి ఆనించి వెలిగించకండి. దీపానికి గద్దె ముందు భాగంలో చిన్న గూడు కట్టించండి. రెండు బిల్లలకూ సరిగ్గా నడుమ, ఒక్కటి చాలు.

— ఒక రాతిపనివాడు, హన్మకొండ