కనుమనాడు మా చిన్నోడికి ఊపిరి పోసిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, నరసన్నపేట దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక విశాఖలో ఉంటున్నాం. ఈ సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చాను. కనుమనాడు పొద్దున్న మా ఊరి చెరువులో మా చిన్నోడు మునిగిపోయాడు. వాడికి ఆరేళ్లు.

ఇవాళ వాడు స్కూలుకి వెళ్లాడు. క్యారేజీలో చిక్కుడుకాయ కూర పెట్టానని మూతి ముడుచుకుని వెళ్లాడు. ఆ అలక చూసే అదృష్టాన్ని నాకు మిగిల్చిన వాళ్లకి దండం పెట్టుకోవాలని ఎన్నోసార్లు రాయడానికి కూర్చున్నాను. ప్రతిసారీ ఏడుపొచ్చి ఆపేశాను. ఈసారి పూర్తిగా రాస్తాను. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు, అందుకే వరసలతోనే చెబుతున్నాను.

కనుమ అంటే మా వైపు పశువుల పండగ. తెల్లారగానే ఎడ్లని, ఆవుల్ని చెరువుకి తోలుకెళ్లి కడుగుతారు. పిల్లలు కూడా వెంట పడతారు. మా వాడూ వాళ్ల తాత వెంట వెళ్లాడు. రేవు దగ్గర పది మంది పెద్దవాళ్లున్నారు. అయినా వాడు రాతి మీద నాచుకి కాలు జారి లోపలికి వెళ్లిపోవడం ఎవరూ చూడలేదు. చప్పుడు కాలేదు, కేక వినపడలేదు. మునిగేవాళ్లు అరుస్తారని, చేతులు కొట్టుకుంటారని అనుకుంటాం. మా వాడి విషయంలో అలాంటిదేమీ జరగలేదు. మా మేనకోడలు "చిన్నోడేడి?" అని అడిగేదాకా ఎవరికీ తెలీదు. ఎంతసేపు నీళ్లలో ఉన్నాడో ఇప్పటికీ ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

మొదటి దండం ఎడ్లు కడుగుతున్న మా పెద్ద మావయ్యకి. అరవై దాటిన మనిషి. పలుపు వదిలేసి, పంచె ఎగ్గట్టుకుని దూకారు. ఈత బాగా వచ్చు, ఆ చెరువు అడుగు ఎక్కడ లోతో ఎక్కడ ఊబో ఆయనకి తెలుసు. రెండోసారి మునిగినప్పుడు చెయ్యి దొరికింది.

నేను ఇంట్లో గారెలకి పప్పు రుబ్బుతున్నాను. "ఓలమ్మో, గుంటడు ములిగిపోనాడు" అన్న కేక విని పరుగెత్తాను. చెరువు గట్టెక్కేసరికి మా నాన్న వాడి రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తి తిప్పుతున్నారు. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ వేలాడుతోంది. చుట్టూ జనం "తిప్పండి, ఇంకా తిప్పండి, నీళ్లు కక్కాలి" అంటున్నారు. నేను కూడా అదే అన్నాను. మా ఊళ్లో నీళ్లలో పడిన పిల్లలకి తరతరాలుగా చేసింది అదే. లేకపోతే భుజం మీద బోర్లా వేసుకుని పరుగెత్తుతారు, లేదా కడుపు నొక్కుతారు.

అప్పుడు వచ్చారు మా మరిదిగారు. మా వీధి చివర ఇంటి బాబాయి కూతురు నాకు చెల్లెలి వరస. ఆమె భర్త ఆయన. మొదటి సంక్రాంతికి అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడు. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తారు. కొత్త బట్టలతో, నుదుటి బొట్టుతో పరుగెత్తుకొచ్చి "మావయ్యగారూ, ఆపండి. దించండి. దండం పెడతాను, దించండి" అన్నారు. ఎవరో "ఈయనెవరు" అన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. మా నాన్న చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని గట్టు మీద గట్టి నేల చూసి వెల్లకిలా పడుకోబెట్టారు.

భుజం తట్టి గట్టిగా పిలిచారు. ఛాతీ వైపు చూశారు. పది సెకన్లకి మించి చూడలేదు. "ఊపిరి లేదు. ఎవరైనా 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి" అన్నారు. మా మేనకోడలు చేసింది. ఇంటర్ చదువుతోంది, చేతులు వణుకుతున్నా ఊరి పేరు, ఏ రోడ్డులో రావాలో, పిల్లాడి వయసెంతో తడబడకుండా చెప్పింది. బంగారు తల్లీ, ఆ రోజు మా ఇంట్లో పెద్దదానివి నువ్వే.

మరిదిగారు వాడి నుదుటి మీద ఒక చెయ్యి పెట్టి తల కొంచెం వెనక్కి వంచి, రెండో చేతి వేళ్లతో గడ్డం పైకి లేపారు. ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదారు. ఛాతీ పైకి లేవడం నేను చూశాను. అలా ఐదు సార్లు. కదలిక లేదు. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి నొక్కడం మొదలుపెట్టారు. గట్టిగా లెక్కపెడుతూ, ముప్పై. మళ్లీ రెండు ఊపిరులు. మళ్లీ ముప్పై. పసివాడి ఛాతీ అంత లోపలికి దిగిపోతుంటే మా అమ్మ "ఎముకలు ఇరిగిపోతాయి, ఒగ్గీండి బాబూ" అని ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన లెక్క ఆపలేదు. "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై" అన్న ఆ గొంతు నాకు ఇప్పటికీ రాత్రిళ్లు వినిపిస్తుంది.

ఐదోసారో ఆరోసారో, వాడు వాంతి చేసుకున్నాడు. వెంటనే మొత్తం ఒళ్లు పక్కకి తిప్పి, నోరు తుడిచి, మళ్లీ చూశారు. దగ్గాడు. ఒక్క దగ్గు. తర్వాత ఊపిరి. తర్వాత ఏడుపు. ఆ ఏడుపు విని అంతమంది ఆడా మగా చెరువు గట్టున కూలబడి ఏడ్చారు.

నాన్నా, ఈ మాట అందరి ముందూ చెప్పాలనే ఇక్కడ రాస్తున్నాను. "నా చేతులతో నేనే చంపేసేవాణ్ణి" అని మీరు నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీరు మనవణ్ణి బతికించుకోవాలనే తిప్పారు. మీకు అదే నేర్పారు, నాకూ అదే తెలుసు. నేను వారించలేదు, ఇంకా తిప్పమన్నాను. మరిదిగారు కూడా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. మీరు ఆ రోజు నేర్చుకున్నది ఇప్పుడు ఊళ్లో అందరికీ చెబుతున్నారు, అందుకు మీకూ నా దండం.

ఎందుకు తిప్పకూడదో తర్వాత మరిదిగారు నాకు ఓపిగ్గా చెప్పారు. తిప్పినా కడుపు నొక్కినా బయటికొచ్చే నీళ్లు చాలావరకు పొట్టలోవి. ఆ నీళ్లు, తిన్నదీ కలిసి గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగిపోయే ప్రమాదం ఉంది. అంతకన్నా ముఖ్యం, తిప్పుతున్నంతసేపూ మెదడుకి ప్రాణవాయువు అందదు. నీళ్లలో మునిగినవాళ్ల గుండె ఆగేది ఊపిరి అందకే, అందుకే వాళ్లకి ముందు ఊపిరి ఇవ్వాలి, ఆ తర్వాతే నొక్కాలి. ఆయన నేర్చుకున్న పద్ధతిలో మొదట ఐదు, కొన్ని శిక్షణల్లో రెండు అని చెబుతారట. నోట్లోంచి నురగ వస్తుంటే అది తుడుస్తూ కూర్చోకూడదు.

108 బండి వచ్చేసరికి వాడి తడిబట్టలు తీసేసి, పొడి దుప్పటి చుట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఉంచారు. బండిలో ఆక్సిజన్ పెట్టారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ 108ని నేను అంతకుముందు రోడ్డు మీద పక్కకి తప్పుకుని దారి ఇవ్వడం వరకే ఎరుగుదును. ఆ రోజు బండిలో నా భుజం మీద చెయ్యి వేసి "అమ్మా, మీవాడు ఏడుస్తున్నాడు, అది మంచిది" అన్న టెక్నీషియన్ తమ్ముడికి, డ్రైవర్ అన్నకి వందనాలు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. ఏడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు కదా, ఇంటికి తీసుకెళ్దాం అని మా వాళ్లు అన్నారు. మునిగి తేలిన పిల్లలకి కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి ఇబ్బంది మొదలవ్వచ్చని డాక్టరమ్మ నచ్చజెప్పి ఆపారు. ఆ రాత్రి నిజంగానే కాస్త ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నాం కాబట్టి టెన్షన్ పడినా గట్టెక్కాం. ఆ వార్డులో పండగ మానుకుని డ్యూటీ చేసిన సిస్టర్లందరికీ కృతజ్ఞతలు.

ఇంత చేసిన మరిదిగారు అక్కడితో ఆగలేదు. చిన్నోడు కోలుకున్నాక ఒక ఆదివారం విజయనగరం నుంచి మళ్లీ వచ్చారు. తెలిసినవాళ్ల దగ్గర అడిగి ఒక పెద్ద బొమ్మ, ఒక పసిపాప బొమ్మ పట్టుకొచ్చారు. రామాలయం అరుగు మీద ఊరివాళ్లందరి చేతా వాటి ఛాతీ నొక్కించి నేర్పించారు. పొలం పనికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు కూడా కొంగు బిగించి మోకాళ్ల మీద కూర్చున్నారు.

పెద్దవాళ్లకైతే రెండు చేతులు ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువుతో కనీసం 5 సెంటీమీటర్లు, 6 మించకుండా నొక్కాలన్నారు. నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, అందుకే మనిషి మారుతూ ఉండాలి. మా తమ్ముడు బలవంతుడు, వాడికే చెమటలు పట్టాయి. ఉన్నట్టుండి కుప్పకూలిన పెద్దవాళ్ల రక్తంలో కొన్ని నిమిషాలకి సరిపడా ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి, నోట్లో ఊదడం రానివాళ్లు, ఇష్టపడనివాళ్లు ఆగకుండా నొక్కుతూ ఉన్నా మేలేనట.

అక్కడే ఆయన చెప్పిన ఒక మాటకి అరుగు మీద ఎవరూ నోరు మెదపలేదు. గుండె ఆగిన మనిషి ఒక్కోసారి చేప నోరు తెరిచినట్టు ఉండుండి ఎగపీలుస్తాడు. అది ఊపిరి కాదు, అప్పుడే నొక్కడం మొదలుపెట్టాలి అన్నారు. మనం దాన్ని ఎగశ్వాస అంటాం. మా పెదనాన్న కుప్ప నూర్పుల కళ్లంలో పడిపోయినప్పుడు అలాగే ఎగశ్వాస పెట్టారు. అందరం చుట్టూ చేరి తులసి తీర్థం పోశాం. కడసారి చూపు అనుకున్నాం. ఆయనకి యాభై రెండేళ్లు. మా పెద్దమ్మ ఆ అరుగు మీదే కూర్చుని ఉంది. క్లాసు అయ్యాక ఆమె లేచి వెళ్లి బొమ్మ ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ముప్పై లెక్కపెట్టింది. పెద్దమ్మా, నీకు కూడా ఈ పోస్టులో చోటుంది.

పసిపాప బొమ్మ దగ్గరే అందరికీ భయం. ఏడాది లోపు బిడ్డని భుజం పట్టి కుదపకూడదు, అరికాలు తట్టి చూడాలి. తల వెనక్కి బాగా వంచకూడదు, తిన్నగా ఉంచితే చాలు. మన నోటితో బిడ్డ నోరూ ముక్కూ రెండూ కప్పి, బుగ్గల్లో ఉన్నంత గాలి మాత్రం మెల్లగా ఊదాలి. ఛాతీని 4 సెంటీమీటర్ల దాకా నొక్కాలి. మా ఊరి ఆశా వర్కర్ ఒకప్పుడు రెండు వేళ్లతో నొక్కమని నేర్చుకున్నానంది. 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ రెండు వేళ్ల పద్ధతిని తీసేసిందని, రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతి మడమతో గానీ నొక్కమంటున్నారని ఆయన చెప్పి, ఆమె చేతే చేయించారు.

భోగిపళ్ల సంగతి కూడా అప్పుడే వచ్చింది. రేగుపళ్లు, చిల్లర నాణేలు పసివాళ్ల తల మీద పోస్తాం. అవి ఏరుకుని నోట్లో పెట్టుకుంటే? గొంతుకి అడ్డంపడి బిడ్డ ఏడవలేక, దగ్గలేక పోతుంటే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కులు, అది బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. ఏడాది లోపు వాళ్ల కడుపు నొక్కకూడదు. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు. స్పృహ తప్పితే నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి. వచ్చే భోగికి నాణేలు మానేద్దామని మా వీధి ఆడవాళ్లం అనుకున్నాం. పూలు చాలు.

చెరువు రేవు దగ్గర కుర్రాళ్లు వెదుళ్లు పాతి తాడు కట్టారు. గాలి కొట్టిన ట్యూబు, పొడవాటి తాడు చింతచెట్టుకి వేలాడదీశారు. ఈత రానివాళ్లు దూకొద్దు, అవి విసరండి అని పిల్లలకి చెబుతున్నారు. తమ్ముళ్లూ, మీ పని చూసి గుండె నిండిపోయింది.

మరిదిగారూ, మీకు ఎన్నిసార్లు చెప్పినా "వదినగారూ, మా డ్యూటీయే కదా" అంటారు. మీరు ఆ రోజు డ్యూటీలో లేరు. అత్తారింట్లో పండగ పూట ఉన్నారు. మీ కొత్త చొక్కా మీద మావాడి వాంతి మరక ఉతికినా పోలేదని చెల్లి చెప్పింది. నా కొడుకు పెద్దయ్యాక వాడికి మొదట చెప్పేది మీ గురించే. మా చెల్లిని, మిమ్మల్ని ఆ సూర్యనారాయణమూర్తి చల్లగా చూడాలని అరసవల్లి వెళ్లి మొక్కుకుని వచ్చాం.

ఇంకా ఇద్దరున్నారు. 108 బండికి దారి తెలియాలని హైవే మలుపు దాకా బైకు మీద వెళ్లి, ముందు నడుపుతూ ఊళ్లోకి తీసుకొచ్చిన కుర్రాళ్లు. మా ఊరి వాళ్లు కాదు, పండగకి ఎవరింటికో వచ్చినట్టున్నారు. మొహాలు కూడా సరిగ్గా చూడలేదు. ఇది చదివితే, ఎప్పుడు ఇటు వచ్చినా మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి.

అలాగే చిన్నోడికి చుట్టిన దుప్పటి. ఎరుపు మీద నల్ల గీతలు, ఒక అంచున నీలం దారంతో కుట్టు. ఎవరో గుంపులోంచి తెచ్చి కప్పారు, మాతోనే బండిలో వచ్చేసింది. ఊళ్లో అందరినీ అడిగాను, మాది కాదన్నారు. ఉతికి మడతపెట్టి ఉంచాను. మీదైతే చెప్పండి, నేనే వచ్చి మీ చేతికిస్తాను.