పట్టుదల ఉంది, కూర్చునే చోటు కావాలి

సంపాదకులకు,

ఉద్యోగం చేస్తూ పీజీ చదివేవారికి పట్టుదల ఉంటే సమయం దానంతట అదే దొరుకుతుందని ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఎక్కడ పని చేస్తారో తెలియదు కానీ, గుంటూరు మిర్చి యార్డులో మాత్రం కాదు.

నేను యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాను. దూరవిద్య నడిపే ఇగ్నోలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. జూన్ పరీక్షకు చదవాల్సిన నెలలన్నీ మిర్చి సీజనుకే సరి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగి, బేరాలు తెగి, కాటాలు అయి, రైతులకు అమ్మకం లెక్క చూపే పట్టీలు రాసేసరికి బాగా చీకటి పడుతుంది. ఘాటుకు కళ్లు మండుతుంటే పుస్తకం తెరిచినా అక్షరం నిలవదు. అందుకని డిసెంబరునే నమ్ముకున్నాను. రెండేళ్ల కోర్సుకు నాలుగేళ్ల గడువు ఇచ్చినవారికి నా దండం.

ఈ వయసులో ఎంఏ ఎందుకు, జీతం పెరుగుతుందా అని మా యజమాని అడిగారు. పెరగదు. అయితే మా పాఠాల్లో సాలెగూడు సిద్ధాంతం అని ఒకటి ఉంది. ఈ ఏటి ధర చూసి రైతు వచ్చే ఏటికి సాగు పెంచుతాడు, సరుకు ముంచెత్తి ధర కూలుతుంది, భయపడి సాగు తగ్గిస్తాడు, ధర మళ్లీ లేస్తుంది. అది చదువుతుంటే మా కొట్టు పాత ఖాతాలు తిరగేస్తున్నట్టే అనిపించింది. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పట్టీ చేతపట్టుకుని కదలకుండా నిలబడిపోయిన రైతులను చూశాను. ఎగుమతులు, కోల్డ్ స్టోరేజీల్లో నిల్వలు కూడా తోడయ్యాయనుకోండి, పాఠంలో గీసినంత నున్నగా లోకం నడవదు. ఏమైనా, ఆ పాఠం తర్వాత నన్ను చదువుకోమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కాబట్టి నాకు లేనిది పట్టుదల కాదు, చోటు. మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఒక గదిలో ఇంటర్ చదివే మా అమ్మాయి, ఇంకో గదిలో టీవీ. బ్రాడీపేటలో రీడింగ్ రూములున్నాయి, కానీ ఆ నెల ఫీజు పోటీ పరీక్షల పిల్లల తల్లిదండ్రులు కట్టేది, గుమాస్తాలు కట్టేది కాదు. మా పేట గ్రంథాలయానికి నేను కొట్టు కట్టేసి వచ్చే వేళకు తాళం పడి ఉంటుంది. ఆదివారం తెరిచి శుక్రవారం సెలవు పెట్టుకునే పద్ధతి పెట్టినవారెవరో పనిచేసేవాడి కష్టం తెలిసినవారే. ఆ తెలివి సాయంత్రాలకూ విస్తరించాలి.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నారు. మా ఇంటివారు కడతారు, నా అద్దెలో కలుపుకుంటారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి మన కాలువల మీద ప్రయాణికులకు అందించారు. తీరిక లేనివాడి దగ్గరకు పుస్తకమే వెళ్లిన జిల్లా ఇది. ఇప్పుడు తీరిక దొరికిన గంటకు తలుపు తీసి ఉంచమని అడుగుతున్నాం, అంతే.

సిబ్బంది లేరంటారని తెలుసు. రాత్రిపూట పుస్తకాలు ఇచ్చే పని పెట్టుకోవద్దు. పత్రికల గది ఒక్కటి పది గంటల దాకా తెరిచి, లైట్లు, ఫ్యాన్లు వేసి, ఒక వాచ్‌మన్‌ను ఉంచితే చాలు, మా పుస్తకాలు మేమే తెచ్చుకుంటాం. ముందు నగరంలో ఒక్కచోట, అక్టోబరు, నవంబరు నెలల్లో చేసి చూడమని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. కొంత రుసుము పెట్టినా అభ్యంతరం లేదు, బ్రాడీపేట వాళ్లు అడిగేంత కాకపోతే సరి.

మిర్చి యార్డు గుమాస్తా,
పట్టాభిపురం, గుంటూరు