బూతులకు జరిమానా వేస్తానన్న మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

ప్రభువు నామంలో వందనాలు. మీరూ నేనూ చదివేది ఒకే బైబిలు, ఆ చనువుతోనే రాస్తున్నాను. నలుగురిలో బూతులు మాట్లాడేవాళ్లకి జరిమానా వేసే చట్టం తెస్తానని ప్రకటించారు. అది క్రైస్తవ విలువల కోసమేనని చెప్పి, మీ నోట ఏ చెడ్డ మాటా రానివ్వకండి అనే ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం 29వ వచనం కూడా చదివి వినిపించారు. సండే స్కూల్లో నేను పిల్లల చేత కంఠస్థం చేయించే వచనాల్లో అదొకటి. నిజానికి ఒక మంత్రి నోట ఆ వచనం వింటే నేను సంతోషపడాలి. పడలేకపోయాను. ఎందుకంటే అంతకు ముందు జరిగిన సభలో అదే నోటితో మీ ప్రత్యర్థిని తిడుతూ ఆయన తల్లిని ఏమన్నారో అందరం విన్నాం.

ఆ వీడియో మీరు చూసుకున్నారో లేదో నాకు తెలీదు. చూడకపోతే ఒకసారి చూడండి, మిమ్మల్ని కాదు, మీ పక్కన కూర్చున్న పెద్దావిడని. ఆమె మీ పార్టీ మనిషే. మీరు ఆ మాట అనగానే ముందు వరసలో ఈలలు మొదలయ్యాయి, వేదిక మీద మగవాళ్లు ఒకళ్ల భుజం ఒకళ్లు చరుచుకున్నారు. ఆవిడ అలవాటుగా నవ్వబోయి ఆగిపోయింది. ఆ తర్వాత మీ ప్రసంగం అయ్యేదాకా చేతిలో ఉన్న కాగితాన్ని మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ తల ఎత్తకుండా కూర్చుంది. మీరు తిట్టింది ఆవిడని కాదు. కానీ తల్లి మీదా అక్కచెల్లెళ్ల మీదా తిట్టే తిట్టు ఎవరిని ఉద్దేశించి తిట్టినా అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తగులుతుంది, ఆవిడకీ తగిలింది.

దీని గురించి ఎవరైనా అడిగితే మీ అభిమానుల దగ్గర ఒక జవాబు రెడీగా ఉంటోంది. యేసు ప్రభువు కూడా పరిసయ్యులను సర్పసంతానమా అనలేదా, హేరోదును నక్క అనలేదా అంటున్నారు. అన్నాడు. కానీ ఎవరిని అన్నాడో చూడండి. జనం మీద మోయలేని బరువులు మోపుతున్న మతపెద్దలనీ, యోహాను తల నరికించిన పాలకుడినీ అన్నాడు. తిరిగి ఏమీ అనలేని మనిషిని ఆయన ఎప్పుడూ అవమానించలేదు, ఎవరి ఇంటి ఆడవాళ్లనీ మధ్యలోకి లాగలేదు. ఆయన కోపాన్ని అరువు తెచ్చుకుని మన నోటి దురుసుకి వాడుకోవడం నాకు మామూలు బూతుకంటే పెద్ద తప్పుగా అనిపిస్తుంది.

ఆదర్శం కావాలంటే అపొస్తలుడైన పౌలును తీసుకోండి. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో, యూదుల మహాసభ ముందు నిలబడి మాట్లాడుతుంటే అన్యాయంగా నోటి మీద కొట్టించారు. కోపం వచ్చి, సున్నం కొట్టిన గోడా, దేవుడు నిన్ను కొడతాడు అనేశాడు. అన్నది ప్రధాన యాజకుడినని పక్కవాళ్లు చెప్పగానే, ఆయనెవరో నాకు తెలియలేదు, ప్రజల అధికారిని నిందించకూడదని ధర్మశాస్త్రంలో ఉంది అని అక్కడికక్కడే వెనక్కి తగ్గాడు. నిజానికి తప్పు ఆ యాజకుడిదే, దెబ్బ తిన్నది పౌలు. అయినా అదే సభలో, అందరూ వింటుండగానే తగ్గాడు. మర్నాడు ప్రకటన ఇవ్వలేదు, నా మాటల్ని వక్రీకరించారు అనలేదు. (అదే వచనం నాకు చూపించి అధికారిని నిందిస్తున్నావని మీవాళ్లు అనొచ్చు. ఈ లేఖలో మీరు అన్న మాట గురించే తప్ప మీ మీద ఒక్క తిట్టు లేదు, చూసుకోమనండి.)

ఇక చట్టం సంగతి. ఇది కొత్త ఆలోచనేం కాదు. బ్రిటన్‌లో 1745లోనే ఇలాంటి చట్టం తెచ్చారు. ఒట్లు, శాపనార్థాలు, దూషణలు పలికితే కూలీకీ, సైనికుడికీ, నావికుడికీ 1 షిల్లింగు, వాళ్లకంటే పై స్థాయిలో ఉన్నా జెంటిల్మన్ (పెద్దింటి మనిషి) హోదాకి తక్కువైనవాళ్లకి 2 షిల్లింగులు, జెంటిల్మన్‌కీ ఆ పైవాళ్లకీ 5 షిల్లింగులు జరిమానా. మళ్లీ దొరికితే రెట్టింపు. కట్టలేని కూలీని శిక్షాగృహానికి పంపి పని చేయించేవారు. ఆ చట్టాన్ని చర్చిల్లో ఆరాధన తర్వాత చదివి వినిపించాలని కూడా రాశారు. చివరికి 1967లో రద్దు చేశారు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒక్కటే ఉంది, పెద్దమనిషి తిడితే పెద్ద జరిమానా అన్నారు. మీరు చెబుతున్నదాంట్లో అది కూడా లేదు. కాలి మీద బరువు పడి నొప్పితో ఓ మాట అనేసిన కూలీ దొరుకుతాడు. మైకులో వేలమంది ముందు ఒకరి తల్లిని తిట్టిన నాయకుడి మీద కేసు రాయమని ఏ కానిస్టేబుల్‌కి చెబుతారు?

పైగా జరిమానాకి దొరికేవి కొన్ని మాటలే. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు పట్టుకున్నది పనికిమాలినవాడా, బుద్ధిహీనుడా లాంటి మాటల్ని, అవి మనం రోజూ ఆఫీసుల్లో వింటున్నవే. ఒక్క బూతు కూడా లేకుండా, నీలాంటివాడికి ఉద్యోగం ఇచ్చినవాణ్ణి అనాలి అని పదిమంది ముందు కింది ఉద్యోగిని అంటే, ఆ మనిషి ఆ రాత్రి అన్నం తినలేడు. మన సంఘాల్లోనూ ఇది ఉంది, దాచడం ఎందుకు. బూతంటే చెవులు మూసుకునేవాళ్లే ప్రార్థన అంశం అని మొదలుపెట్టి ఒక కుటుంబం పరువంతా తీసేస్తారు, చివర్లో కళ్లు మూసుకుని ఆమెన్ అంటారు. యాకోబు పత్రిక 3వ అధ్యాయం అడిగేది దీని గురించే. దేవుణ్ణి స్తుతించే నాలుకతోనే ఆయన పోలికలో పుట్టిన మనిషిని ఎలా శపిస్తావు అని. మీ ప్రత్యర్థి తల్లి కూడా ఆ పోలికలో పుట్టిన మనిషే కదండీ. దీన్ని సంఘం నేర్పాలి, తల్లిదండ్రులు నేర్పాలి, నాలాంటి టీచర్లు నేర్పాలి. పోలీసు చేతిలో పెడితే అది క్రైస్తవ ప్రమాణం కాకుండా పోయి చలానా అవుతుంది.

అసలు భయం ఒకటి చెప్తాను. ఈ చట్టం రేపు మీ మీద కోపంతో నోరు జారిన జనం మీదకే వస్తుంది. 2 సమూయేలు 16వ అధ్యాయంలో, దావీదు రాజు తన కొడుకుకి భయపడి పారిపోతుంటే షిమీ అనేవాడు దారి పొడుగునా రాళ్లు వేస్తూ, దుమ్ము ఎత్తిపోస్తూ, నరహంతకుడా అని నోటికొచ్చినట్టు శపించాడు. వాడి తల తీసేస్తానని దావీదు వెంట ఉన్న అబీషై బయల్దేరాడు. వద్దు, శపించనివ్వు, ఒకవేళ దేవుడే పలికిస్తున్నాడేమో అని రాజు ఆపాడు. (చివరి రోజుల్లో దావీదు ఆ మాట మనసులోంచి తీసేయలేకపోయాడు, 1 రాజులు 2లో అదీ రాసి ఉంది. తిట్టు రాజుని కూడా ఎన్నేళ్లు పీడిస్తుందో చూడండి.) తిట్లు పడేవాడు అధికారంలో ఉన్నప్పుడు కత్తి తీయకుండా ఉండటమే ఆ రోజు దావీదు చేసిన పని. మీరు ముందు ఆ పని చేయండి, మీ చుట్టూ ఉన్న అబీషైలను ఆపండి.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఆ బిల్లు ఆపేయండి. దాని బదులు పదవిలో ఉన్నవాళ్లు వేదిక మీద, సమీక్షల్లో, ఫోన్లో ఎవరినీ దుర్భాషలాడకూడదని మీ పార్టీకి ఒక నియమం పెట్టి, తప్పితే పదవి పోతుందని మొదట మీ పేరు మీదే రాయండి. ఆ నియమం రాసే ముందు, అదే మైదానంలో, అంతే జనం ముందు, అదే మైకులో, ఆ తల్లిని అన్నమాటకి క్షమాపణ అడగండి. ఎవరైనా బాధపడి ఉంటే అనే మాట వాడకండి, ఆమె బాధపడింది. ఈలలు వేసినవాళ్లు ఆరోజూ వస్తారు, వాళ్ల ముందే అడగండి. వచ్చే ఆదివారం నా క్లాసులో ఎఫెసీ 4:29 వల్లె వేయించాల్సి ఉంది. పిల్లలు మీ గురించి అడుగుతారు, మీరు ఏం చేశారో చెప్పడానికి నాకు జవాబు ఇవ్వండి.

మీ కోసం ప్రార్థిస్తూ,
ఒక సండే స్కూల్ టీచర్