ఎం-బుక్కులో నీ మొదటి సంతకానికి ముందు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. సోమవారం నువ్వు అసిస్టెంట్ ఇంజనీరుగా చేరబోతున్నావని మీ అమ్మ వీధంతా చెప్పి వచ్చింది. ఫోనులో రెండుసార్లు మొదలుపెట్టి మాట మార్చేసిన సంగతి ఒకటుంది. కాగితం మీద పెడితే తప్ప అది నా వల్ల కాదని తెలిసి రాస్తున్నాను.

నీ చేతికి ఎం-బుక్కు, అంటే జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు ఇస్తారు. దాని పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి. అందులో చెరపడానికి వీల్లేదు, తప్పు పడితే అడ్డగీత కొట్టి పక్కన పొట్టి సంతకమూ తేదీ వెయ్యాలి. బిల్లు వచ్చేది ఆ పుస్తకంలో ఉన్నదానికి, నేలలో ఉన్నదానికి కాదు.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక వాగు మీద కల్వర్టు కట్టించాను. పునాది మీటరున్నర లోతు ఉండాలి. కాంక్రీటు వేసిన రోజు మీ అత్తయ్య పెళ్లి పనుల్లో ఉండి సైటుకు వెళ్లలేదు. మర్నాడు వెళ్లేసరికి గుంట పూడ్చేశారు. కాంట్రాక్టరు చెప్పిన కొలతనే నా కొలతగా రాసి సంతకం పెట్టాను. డబ్బు తీసుకోలేదమ్మా, అందుకే చాలాకాలం దాన్ని తప్పుగా కూడా లెక్కపెట్టుకోలేదు. రెండో వానాకాలంలో వాగు పొంగి మట్టి కోసుకుపోయి, ఒక పక్క గోడ ఒరిగింది. దిగి చూస్తే ఆ పునాది మొత్తం నా మోకాలికి కాస్త పైకి వచ్చింది.

ఎవరికీ ఏమీ కాలేదు గానీ, విచారణలో తప్పంతా వర్క్ ఇన్‌స్పెక్టరు మీద పడి ఆయన్ని సస్పెండు చేశారు. నేను నోరు విప్పలేదు. మూడు నెలల తరువాత సంతలో ఎదురుపడి, ఎప్పటిలాగే "నమస్తే సార్, అమ్మగారు బాగున్నారా" అని అడిగాడు. మర్నాడు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. నాకు ఇంక్రిమెంటు కోత పడింది, ఆయన్ని తిరిగి తీసుకున్నారు. ఆ మూడు నెలల్లో ఆయన అమ్ముకున్న పాడిగేదె మాత్రం తిరిగి రాలేదు.

1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడి వందమందికి పైగా పోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో వంతెన వరదకు కొట్టుకుపోయి అంతకంటే ఎక్కువమంది చనిపోతే శాస్త్రి గారు మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. ప్రమాదానికి బాధ్యులు ఆయన కారని నెహ్రూ గారే పార్లమెంటులో చెప్పారు. నిజమే, ఆయన ఏ పునాదినీ కొలవలేదు. కొలవాల్సినవాణ్ని నేను, మూడు నెలలు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

రాజీనామాలతో వంతెనలు గట్టిపడతాయా అని మా ఆఫీసులో వాదన జరిగేది. గట్టిపడవు. అయితే పైవాడు ముందుగా తన పేరు రాసుకున్నచోట కిందివాడు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి జంకడు, ఏ విచారణకైనా కావలసింది అదే. నీ కింద పనిచేసేవాళ్లెవరైనా తప్పు జరిగిందని చెప్పుకోవడానికి వస్తే, కోప్పడేముందు కుర్చీ చూపించు.

పార్సిలులో నా పాత స్టీలు టేపు పెట్టాను. మొదటి పది సెంటీమీటర్లు తుప్పు పట్టి అంకెలు కనబడవు; పది దగ్గర పట్టుకుని కొలిచి, రాసేటప్పుడు పది తీసెయ్యి. పునాది పూడ్చకముందే వెళ్లు.

ఇట్లు,
నాన్న